కారుకి అమ్మవారు పోసినట్టుందట!

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 2006 మారుతీ 800 నా దగ్గరుంది. ఎర్ర రంగు, మెటాలిక్ కాదు. మళ్ళీ రంగు వేయడానికి షెడ్డువాళ్ళు చెప్పిన రేటు విని గుండె ఆగినంత పనై, చిన్న కంప్రెసరూ రంగు కొట్టే గన్నూ కొని, దీపావళి సెలవుల్లో అపార్టుమెంటు కింద పార్కింగులోనే నేనే కొట్టాను. ఎడమవైపు రెండు డోర్లకి డూకో రంగు. బానెట్‌కి మాత్రం ఎవరో చెబితే బేస్ కోటు (అడుగు రంగు) కొట్టి, పైన పీయూ (పాలీయూరిథేన్) క్లియర్, అంటే రంగులేని మెరుపు పొర, రెండు కోట్లు. నెల దాటింది. బానెట్ కమలాపండు తొక్కలా ఉంది. ముందు డోరు హ్యాండిల్ కింద మూడు ధారలు కారి గడ్డకట్టాయి. వెనక డోరు పైభాగం పాలు తుడిచినట్టు తెల్లబారింది, కింద చక్రం దగ్గర నాలుగైదు గుంటలు పడ్డాయి. దుమ్ము సరేసరి, ఒక దోమ కూడా అతుక్కుపోయింది. మా ఆవిడ చూసి ‘కారుకి అమ్మవారు పోసినట్టుంది’ అంది. అంతా గీకేసి మళ్ళీ కొట్టాలా, ఉన్నదాన్నే దిద్దుకోవచ్చా? అన్నట్టు, ముక్కుకి చేతిరుమాలు కట్టుకునే కొట్టాను.
— పేరు వద్దన్న పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

సమాధానం: గీకకండి. మీ ఆవిడ మాటకి ఉడుక్కుని ఈ ఆదివారమే మొదలుపెడతారేమోనని ముందుగా ఆ ఒక్క మాట చెబుతున్నాను. మీరు రాసినవాటిలో తొక్కా, ధారలూ, దుమ్మూ చేత్తో పోయేవే. తెలుపు చాలావరకు పోతుంది. గుంటలకే కొంచెం రంగు కావాలి, అదీ గన్నుతో కాకుండా చీపురుపుల్లతో ముందు ప్రయత్నించవచ్చు.

వ్యాసర్పాడి పక్కన ఒక షెడ్డులో నేను పని నేర్చుకున్న రోజుల్లో మా మేస్త్రీ ఏ కారు వచ్చినా గన్ను ముట్టుకునేవాడు కాదు. తడిగుడ్డతో తుడిచి, ట్యూబులైటు నీడ డోరు మీద పడేలా నిలబెట్టి, బీడీ అయిపోయేదాకా చూస్తూ కూర్చునేవాడు. లోపం ఏ పొరలో ఉందో తేలేదాకా చెయ్యి పెట్టకూడదన్నది ఆయన పట్టు. నాకప్పుడు బద్ధకమనిపించేది.

పొరలంటే ఎంతో మందం ఉంటాయనుకునేరు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు మీద అడుగు ప్రైమర్ మొదలుకొని పై మెరుపు దాకా అంతా కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. తలవెంట్రుక 70 మైక్రాన్లు అనుకుంటే, రెండు వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. మీరు బానెట్ మీద కొట్టిన రెండు కోట్ల క్లియర్ మహా అయితే ఒక వెంట్రుక లోపే. మీరు దిద్దబోయేదంతా అందులోనే. కాబట్టి ఎంత అరగదీశాం అన్నదానికంటే ఎక్కడ ఆపాం అన్నదే ఇక్కడ పనితనం.

ముందు రెండు చిన్న పరీక్షలు చెయ్యండి. డోరు తెరిస్తే లోపల కనిపించే అంచు మీద, అంటే బయటికి కనబడని చోట, దూదికి కాస్త తిన్నర్ అద్ది తాకించండి. డూకో అయితే కరిగి దూదికి ఎర్రగా అంటుకుంటుంది. పీయూ గట్టిపడ్డాక అలా కరగదు. రెండోది, తెల్ల బనీను గుడ్డకి రబ్బింగ్ కాంపౌండ్ (రంగు పైపొరని సన్నగా అరగదీసి మెరిపించే పేస్టు) రాసి నాలుగుసార్లు రుద్దండి. డోరు మీద రుద్దితే గుడ్డ ఎర్రబడుతుంది, భయపడకండి, అక్కడ పైన ఉన్నది రంగే. బానెట్ మీద రుద్దితే గుడ్డ ఎర్రబడకూడదు. ఎర్రబడిందంటే క్లియర్ దాటి బేస్‌లోకి వెళ్ళిపోయారన్నమాట, అక్కడితో చెయ్యి తీసెయ్యండి. కారుకి కుడివైపు పాత రంగు మీద కూడా ఈ గుడ్డ పరీక్ష చేసి చూడండి. ఇరవై ఏళ్ళ ఎండకి వెలిసిన ఎరుపు పైపొర కాంపౌండుతో పోయి, లోపలి రంగు బయటపడొచ్చు. మీ ఎడమ డోర్ల రంగు కలవలేదని తర్వాత బాధపడబోతున్నారు గనక ముందే చెబుతున్నాను, తేడా సగం పాతవైపే ఉంటుంది.

డూకో అన్న మాట గురించి ఒక్క ముక్క. అది డ్యుపాంట్ కంపెనీ 1920ల్లో పెట్టిన పేరు. అంతకుముందు కారుకి రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. నైట్రోసెల్యులోజుతో (పొట్టిగా ఎన్.సి.) చేసిన ఈ రంగు తిన్నర్ ఎగిరిపోగానే ఆరిపోయేది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్ల మీద మొదట వచ్చింది. ఆ కారు పోయింది, పేరు మాత్రం మన మేస్త్రీల నోట్లో ఉండిపోయింది. ఇప్పుడు ఏ కారు రంగునైనా డూకో అనేస్తున్నారు. షాపులో కొనేటప్పుడు ‘ఎన్.సి.నా, పీయూనా’ అని విడమరిచి అడగండి. మీరు రాసిన తెలుపు లక్షణాన్ని బట్టి మీ డోర్ల మీదున్నది ఎన్.సి.నే అనుకుంటున్నాను. తిన్నర్ దూది దాన్ని తేల్చేస్తుంది.

ఇక ధారలు. హ్యాండిల్ కిందే ఎందుకు కారాయో తెలుసా? హ్యాండిల్ వెనక రంగు పడలేదేమోనని అక్కడ గన్ను ఒక్క క్షణం ఆపి ఉంటారు, మళ్ళీ మామూలు వరసలో ఇంకోసారి కొట్టి ఉంటారు. అక్కడ రెండింతలు పడింది, కారింది. కొత్తవాళ్ళందరి డోర్లూ అక్కడే కారతాయి.

ధార పైన గట్టిగా కనిపించినా లోపల మెత్తగా ఉండొచ్చు. గోటితో నొక్కి చూడండి. గోటిముద్ర పడితే ఇంకో రెండు వారాలు ముట్టుకోవద్దు. మెత్తటి ధారని గీకితే పైతోలు ఊడొచ్చి లోపల గుంట మిగులుతుంది, అప్పుడు మీ చేతిలో ఉన్న మంచి లోపం పోయి చెడ్డ లోపం వస్తుంది. గట్టిపడిందని తేలాక ధారకి అటూ ఇటూ రెండు వరసలు మాస్కింగ్ టేపు అంటించండి, ధార మాత్రమే బయటికి కనబడేలా. నల్ల మార్కరుతో ధార మీద గీతలు గీయండి. షేవింగ్ బ్లేడుని, చేతికి దెబ్బ తగలకుండా ఒక అంచుకి టేపు చుట్టి, వేళ్ళ మధ్య కాస్త వంపు తిప్పి పట్టుకుని, దాదాపు నిలువుగా నిలబెట్టి మీవైపు లాగండి. కొయ్యకూడదు, గీరాలి. కొబ్బరి కోరులా సన్నటి ఎర్ర పొడి రాలుతుంది. నల్లగీత గుట్ట మీద పోయి, పక్కల మిగిలి ఉంటుంది. గుట్ట టేపు ఎత్తుకి దిగగానే బ్లేడు పక్కన పెట్టెయ్యండి.

తర్వాత 1000 నంబరు వాటర్ పేపర్, అంటే నీళ్ళతో రుద్దే గరుకు కాగితం; నంబరు పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది. ఇక్కడ వెనక పెట్టుకునే దిమ్మ గట్టిగా ఉండాలి. మామూలుగా మేం హవాయి చెప్పు ముక్క కోసి వాడేవాళ్ళం, వంపుల మీద అది బాగా ఒదుగుతుంది. ధారకి అది పనికిరాదు, గుట్ట ఎక్కినప్పుడు తానూ ఎక్కి, దిగినప్పుడు తానూ దిగుతుంది, గుట్ట అలాగే ఉంటుంది. మా షెడ్డులో క్యారమ్ స్ట్రైకర్ ఒకటి డ్రాయరులో ఉండేది. దానికి పేపర్ చుట్టి, షాంపూ రెండు చుక్కలు వేసిన నీళ్ళల్లో ముంచి, ధార మీద మాత్రమే, నిలువుగా కాదు, ఐమూలగా చిన్న చిన్నగా తిప్పేవాళ్ళం. వేలితో మాత్రం ఎప్పుడూ నొక్కి రుద్దకండి. వేలు ఎంత వెడల్పుందో అంత వెడల్పు కాలవ పడుతుంది, అది మెరుపు వచ్చాక గానీ కనబడదు. పదిసార్లు తిప్పి, నీళ్ళు తుడిచి, పక్కనుంచి చూడండి. మార్కరు నలుపు పూర్తిగా పోయి, ధార చోటూ పక్కా ఒకే మసకగా కనిపిస్తే టేపు తీసెయ్యండి. 1500తో కొంచెం వెడల్పుగా, 2000తో ఇంకొంచెం వెడల్పుగా, ఆపైన కాంపౌండు.

ఆ టేపుకీ ఆ పేపర్‌కీ చుట్టరికం ఉంది. త్రీఎం కంపెనీలో పనిచేసిన రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు 1920ల మొదట్లో తమ వాటర్ పేపర్ ఎలా ఉందో చూద్దామని అమెరికాలోని సెయింట్ పాల్ ఊళ్ళో కార్ల షెడ్లకి తిరిగేవాడు. అక్కడ రెండు రంగుల కార్లకి సరిహద్దు కట్టలేక పెయింటర్లు తిట్టుకుంటుంటే విని, 1925లో ఈ మాస్కింగ్ టేపు తయారుచేశాడు. పెయింటర్ల తిట్లు ఊరికే పోవంటారు అందుకే.

తెల్లబారడం మన చెన్నైవాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు. చల్లటి మజ్జిగ పోసిన స్టీలు గ్లాసు బయట చెమట పడుతుంది చూశారా, మీ డోరు మీద జరిగింది అదే. తిన్నర్ గబగబా ఎగిరిపోతూ రేకులోని వేడిని లాక్కుపోతుంది. రేకు చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే ఆ తేమ తడిరంగు మీదే నీరై దిగుతుంది. నైట్రోసెల్యులోజుకీ నీటికీ పడదు, అది పాలు విరిగినట్టు విరిగి తెల్లగా తేలుతుంది. దీపావళి అంటే మనకి ఈశాన్య రుతుపవనాల నడిమధ్య. సాయంత్రం, వాన వెలిశాక, దీపాల వెలుగులో కొట్టారు కదూ? మీరు రాయలేదు గానీ డోరు చెబుతోంది.

దీనికి మందు రెండు మెట్లు. మొదట ఒక అరచేతి మేర చోటుని కాంపౌండుతో రుద్ది చూడండి. తెలుపు పైపైనే ఉంటే ఎరుపు తేలుతుంది, మిగతా డోరు కూడా అలాగే చేసుకోవచ్చు. రుద్దినా మసక పోకపోతే తెలుపు లోపలికి దిగిందని అర్థం. అప్పుడు రుద్దుతూ పోతే ప్రైమరే వస్తుంది తప్ప మెరుపు రాదు. రిటార్డర్ అని అడిగితే షాపులో ఇస్తారు, నెమ్మదిగా ఆరే తిన్నర్ అది. ఎండ కాసిన పొడి రోజున, మామూలు తిన్నర్‌లో వాళ్ళు చెప్పిన పాళ్ళలో కలిపి, రంగు లేకుండా అదొక్కటే, గన్నుతో డోరు మీద మంచు పడ్డంత పల్చగా ఒకసారి చల్లండి. ఎన్.సి. రంగు ఎప్పుడు తిన్నర్ తగిలినా మళ్ళీ మెత్తబడుతుంది. ఆ మెత్తబడ్డ క్షణంలో లోపలి తేమ బయటికి పోయి, మీ కళ్ళముందే తెలుపు కరిగి ఎరుపు తేలుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు గారడీ చూసినట్టే అనిపించింది. ఆ ఉత్సాహంలో రెండోసారి దట్టంగా కొట్టి డోరంతా కార్పించాను కూడా. కాబట్టి ఒక్కసారే, పల్చగా. బానెట్ మీద ఈ వైద్యం చెయ్యొద్దు, పీయూకి ఇది పనిచెయ్యదు.

అది చల్లడానికి మాత్రం సంక్రాంతి పోనివ్వండి. జనవరి చివర నుంచి మార్చి దాకా మనకి కాస్త పొడిగా ఉండే కాలం. అప్పుడు కూడా పొద్దున్నే కాదు, రేకు మీద మంచు చెమ్మ ఉంటుంది. పదింటికి మొదలుపెట్టి, సముద్రపు గాలి మళ్ళకముందే ముగించండి. గాలి మళ్ళిందంటే తేమ మోసుకొస్తుంది. అలాగని మే నెల కత్తిరి ఎండల్లో కొడదామనుకోకండి. రేకు కాలుతుంటే రంగు దాని మీద పడేలోపే ఆరి గరుకుగా కూర్చుంటుంది.

గుంటల సంగతి వేరు. మధ్యలో లోతుగా, చుట్టూ గట్టు కట్టి, చేపకన్నులా ఉన్నాయా? చక్రం దగ్గరే పడ్డాయంటున్నారు గనక నా అనుమానం టైర్ పాలిష్ మీద. అందులో సిలికాన్ ఉంటుంది. తామరాకు మీద నీరు నిలవనట్టు సిలికాన్ అంటిన చోట రంగు నిలవదు, పక్కకి తప్పుకుంటుంది. ఎప్పుడో ఆరు నెలల కిందట టైరుకి చల్లిన తుంపర డోరు కిందికి పడి ఉంటుంది. డ్యాష్‌బోర్డు మెరుపు స్ప్రే కూడా ఇంతే ద్రోహి. షాంపూతో కడిగితే అది పోదు, గుడ్డ దాన్ని ఇంకా పరుస్తుంది. వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్ తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరకముందే రెండో పొడిగుడ్డతో ఎత్తెయ్యాలి. ఒకే గుడ్డతో రెండు పనులూ చేస్తే జిడ్డు ఎక్కడికీ పోదు.

ఇప్పుడు చీపురుపుల్ల. నాలుగైదు గుంటలకి డోరు కొట్టక్కర్లేదు. గుంటలోపల ఇయర్‌బడ్‌తో రిమూవర్ అద్ది, తుడిచి, అదే డూకోని తిన్నర్ తక్కువగా, తేనె జారినట్టు కలిపి, చీపురుపుల్ల కొసతో ఒక్క చుక్క గుంట నడుమ దించండి. చుక్క పరుచుకుని కూర్చుంటే మంచిది. అది కూడా గట్టు వైపు జరిగిపోతే సిలికాన్ ఇంకా ఉందన్నమాట, తుడిచేసి మళ్ళీ శుభ్రం చెయ్యండి. ఆరాక చుక్క కుంగుతుంది, మర్నాడు ఇంకో చుక్క. నాలుగైదు రోజులు ఇలా రోజుకొకటి పెడితే గుంట నిండి కొద్దిగా పైకి ఉబుకుతుంది. రెండు వారాలు ఆగి, పైన చెప్పిన ధార పద్ధతిలోనే స్ట్రైకర్‌తో చదును చెయ్యండి. ఇవేవీ కుదరకపోతేనే, ఆ కింది భాగాన్ని డోరు మడత గీత దాకా 800 పేపర్‌తో దించి, మళ్ళీ కొట్టాలి. మొదటి కోటు మంచులా పల్చగా చల్లి, జిగురు పట్టనిచ్చి, పది పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు నిండు కోటు. ఎన్.సి.లో ఉన్న సుగుణం ఒకటే, కొత్త కోటు పాత కోటులోకి కరిగి కలిసిపోతుంది, అతుకు కనబడదు.

దుమ్మూ దోమా ఏమీ కాదు. తడిమీద చేత్తో తియ్యబోకుండా వదిలేశారు చూడండి, అదే మంచి పని చేశారు. 2000 పేపర్ ముక్కతో నాలుగుసార్లు తిప్పితే పోతాయి. దోమ కాలు మాత్రం లోపల ఉండిపోవచ్చు, ఉండనివ్వండి.

బానెట్‌కి వద్దాం. కమలాతొక్క ఎందుకొచ్చిందంటే, కారుకి ఒకవైపే నిలబడి చెయ్యి సాచి అవతలి అంచు దాకా కొట్టి ఉంటారు. దగ్గర జానెడు దూరంలో ఉన్న గన్ను అటు చివరికి వెళ్ళేసరికి మూరెడు దూరమైపోతుంది. అంత దూరం నుంచి వచ్చిన తుంపర దారిలోనే సగం ఆరి, రేకు మీద పరుచుకోకుండా చుక్కలు చుక్కలుగా కూర్చుంటుంది. రంగు చిక్కగా ఉన్నా, తిన్నర్ మరీ త్వరగా ఆరేదైనా అంతే. చూసి నిర్ధారించుకోండి, మీరు నిలబడ్డవైపు తొక్క తక్కువగా, అవతలవైపు ఎక్కువగా ఉండాలి. ఈసారి ఎప్పుడైనా బానెట్ కొడితే సగం ఇటునుంచి, సగం అటు తిరిగి వచ్చి కొట్టండి. గన్ను రేకుకి 15 నుంచి 20 సెంటీమీటర్లలో, ఒక వరస మీద సగం వరస ఎక్కేలా.

తొక్క తీసే ముందు ఒక పని చెయ్యండి. మీ అపార్టుమెంటులో ఎవరిదో కొత్త కారు ఉంటుంది కదా, దాని డోరులో ట్యూబులైటు నీడ చూడండి. గీత గీసినట్టు ఉండదు, సన్నగా వణుకుతూ ఉంటుంది. లక్షలు పోసి కొన్న కారుకీ తొక్క ఉంది, మనం చూడం అంతే. మీరు దాని దాకా తెస్తే చాలు. అద్దంలా చెయ్యాలని పోతే మీ క్లియర్ చాలదు.

బానెట్ అంచులకీ, మధ్యలో ఉన్న మడత గీతలకీ అరంగుళం మేర టేపు వెయ్యండి. రంగు అంచుల దగ్గర ఎప్పుడూ పల్చగానే నిలుస్తుంది, చెయ్యి మాత్రం అక్కడే ఎక్కువ నొక్కుతుంది. ఒకసారి నేను ఒక ఆసామి తెల్ల కారు బానెట్ అంచు మీద పేపర్ నాలుగుసార్లు ఎక్కువ తిప్పి ప్రైమర్ తేల్చాను. పావుగంటలో అయిపోవాల్సిన పని బానెట్ మొత్తం మళ్ళీ కొట్టేదాకా వెళ్ళింది. ఆ వారం జీతం నాకు రాలేదు, రాకపోవడం న్యాయమే.

1500 వాటర్ పేపర్‌ని పావుగంట నీళ్ళల్లో నాననివ్వండి. హవాయి చెప్పు ముక్కకి చుట్టి, ఒక చదరపు అడుగు చోటు మాత్రమే తీసుకుని, నీళ్ళు ధారాళంగా పోస్తూ ఒకే దిశలో పోండి. పేపర్ మొదట కరకరమంటుంది, చదునయ్యే కొద్దీ చప్పుడు తగ్గి జారుతున్నట్టు ఉంటుంది. రబ్బరు ముక్కతో నీళ్ళు లాగేసి చూడండి. మసకబారిన చోట మధ్య మెరిసే చుక్కలు మిగిలి ఉంటాయి, అవి తొక్కలోని గుంటలు. పదిలో తొమ్మిది చుక్కలు పోయాయంటే ఆపెయ్యండి. ఆ చివరి చుక్క కోసమే అందరూ క్లియర్ చించుకునేది. కారే నీళ్ళు తెల్లగా ఉండాలి, ఎరుపు కనిపించిందంటే ఇందాకటి మాటే. తర్వాత 2000, దొరికితే 3000, ప్రతిసారీ నీళ్ళు మార్చండి. బకెట్లో మిగిలిన ఒక్క ఇసుక రేణువు చాలు, 2000తో చేసిన పని మీద 400 గీత పడటానికి.

కాంపౌండు చేత్తో రుద్దితే బానెట్‌కి ఒక ఆదివారమంతా పోతుంది, భుజం పోతుంది. అద్దెకి మెషిన్ తెచ్చుకుంటే గుండ్రంగా గిర్రున తిరిగే రోటరీ వద్దు, అది ఒకేచోట అరసెకను నిలిచినా కాల్చేస్తుంది. డీఏ అని, ఊగుతూ తిరిగేది ఒకటి ఉంటుంది, కొత్తచేతికి అదే నయం. మీ పీయూ నెల రోజులు గట్టిపడింది గనక కొంచెం సతాయిస్తుంది. కొట్టిన రెండు మూడు రోజుల్లోనే రుద్ది ఉంటే సగం శ్రమతో అయ్యేది. డూకో డోర్లకి దీనికి తిరగబడ్డ న్యాయం, అవి ఎంత ఆగితే అంత మంచివి. తిన్నర్ వారాల తరబడి మెల్లగా పోతూనే ఉంటుంది, రంగు కుంగుతూనే ఉంటుంది. తొందరపడి మెరిపిస్తే నెల తర్వాత కింది పుట్టీ మీది పేపర్ గీతలు మళ్ళీ పైకి తేలతాయి.

ఇప్పుడు మీరు అడగని సంగతి. ఉత్తరం చివర ‘ముక్కుకి చేతిరుమాలు కట్టుకునే కొట్టాను’ అని ధైర్యంగా రాశారు. డూకోకే అది చాలదు. పీయూకైతే కట్టుకోకపోవడంతో సమానం. పీయూని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి పీల్చేవాళ్ళకి ఉబ్బసం రావొచ్చు, ఒకసారి పట్టుకున్నాక ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం లేస్తుంది. వాసన వస్తే తప్పుకుందాం అనుకోవడానికి లేదు, హాని చేసే మోతాదులో కూడా వాసన తెలియదు. పెద్ద స్ప్రే బూత్‌లలో (రంగు కొట్టడానికే కట్టిన గదుల్లో) బయటి గాలి గొట్టంతో వచ్చే మాస్కు పెట్టుకుని కొడతారు. మా తరం మేస్త్రీల్లో ఆయాసంతో మూలనపడ్డవాళ్ళని నేను చూశాను, అప్పుడు సిగరెట్లే కారణమనుకున్నాం. మీ కింద పార్కింగులో పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు. పైగా మన అపార్టుమెంట్లలో ఈబీ (కరెంటు) మీటర్ల బోర్డు కూడా అక్కడే గోడకి ఉంటుంది. తిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది, చిన్న నిప్పురవ్వ చాలు దానికి. దీపావళి రోజుల్లో, పక్కన పిల్లలు టపాసులు కాలుస్తుంటే మీరు తిన్నర్ చల్లారు. తలుచుకుంటే ఇప్పుడు నాకు చెమటలు పడుతున్నాయి.

అందుచేత పీయూ మాత్రం ఇంటి దగ్గర మళ్ళీ కొట్టకండి. కుడివైపు డోర్లు మిగిలి ఉన్నాయి కదా, వాటికి పుట్టీ పెట్టడం, నీళ్ళతో పేపర్ రుద్దడం, మాస్కింగ్ అంతా మీరే చేసుకుని, ఆఖరి కోట్లకి మాత్రం స్ప్రే బూత్ ఉన్న షెడ్డుకి తీసుకెళ్ళండి. ఖర్చులో పెద్ద వాటా ఆ ముందుపని కూలీదే, అది మీకు మిగులుతుంది. రంగు కలిపించడానికి పెట్రోల్ ట్యాంకు బయటి రేకు మూత విప్పి పట్టుకెళ్ళండి, కారు తీసుకెళ్ళక్కర్లేదు. ముందు దాన్ని కాంపౌండుతో రుద్ది పట్టుకెళ్ళండి, లేకపోతే వెలిసిన రంగుకే కలిపిస్తారు.

ఈలోపు గన్ను మీద చెయ్యి కుదరాలంటే పాత కారు భాగాలు అమ్మే పుదుపేటకి వెళ్ళి సొట్టపడ్డ పాత ఫెండరు ఒకటి తెచ్చుకోండి. ఏ కారుదైనా పరవాలేదు. దాన్ని గాలి ధారాళంగా ఆడే చోట, మీటర్లకి దూరంగా నిలబెట్టి, మంచి మాస్కు పెట్టుకుని, ముందు నీళ్ళతో, తర్వాత డూకోతో వరస కట్టడం నేర్చుకోండి. కావాలనే కార్పించండి, ఎంత దగ్గరైతే, ఎంత నెమ్మదైతే కారుతుందో చేతికి తెలియాలి. ధారలు ఆరాక వాటి మీదే బ్లేడూ స్ట్రైకరూ సాధన చేసి, ఆ తర్వాతే నాన్నగారి డోరు ముట్టుకోండి.

మీ ఆవిడ చూడకుండా కారు మీద కవర్ కప్పేద్దామని ఉంటుంది గానీ ఇంకో నెల ఆగండి. పచ్చి డూకో మీద కవర్ గుడ్డ నేత అచ్చుపడుతుంది, అది తీయడానికి మళ్ళీ 2000 నుంచి మొదలుపెట్టాలి.